మెట్ల దాకా మ్యూజియం

బడిలో పెద్ద మేడమ్ గదిలో గోడ పొడుగునా ఫొటోలు వేలాడుతుంటాయి, ఏడాదికొకటి చొప్పున. అన్నీ ఒకే చోట తీసినవే. నగరంలోని పెద్ద మ్యూజియం ముందరి రాతిమెట్లు. పిల్లలు మారారు, వాళ్ళ నెత్తిమీది టోపీల రంగులు మారాయి, ముందువరసలో నిలబడ్డ పెద్దమనుషుల బొజ్జలు ఇంకాస్త ముందుకొచ్చాయి. మారనిది ఒక్కటే. ప్రతి ఫొటోలోనూ కుడి అంచున ఒక చెయ్యి ఉంటుంది. మోచేతి దాకా ఉంటుంది, వేళ్ళు బ్యానరు కొసను గట్టిగా పట్టుకుని ఉంటాయి. మనిషి మాత్రం ఉండదు.

ఆ చెయ్యి బొమ్మల టీచరుది.

బ్యానరు పెద్దల సభలకని కొలిచి చేయించింది. పిల్లల వరస దానికి చాలదు. వదిలేస్తే కొస వేలాడి, బడికి సాయం చేసే సంస్థ పేరులో చివరి అక్షరాలు మడతలోకి పోతాయి. అందుకని ప్రతి ఏడూ ఆవిణ్ణి పిలిచి, "అమ్మా, ఆ కొస కాస్త పట్టుకో" అంటారు. వార్షిక నివేదికలో వేసేటప్పుడు "పిల్లలే కనబడాలి" అని ఆవిణ్ణి మోచేతి దగ్గర కోసేస్తారు. పిల్లలే కనబడాలన్న నియమం ముందువరస బొజ్జలకు ఎందుకు వర్తించదని ఎవరూ అడగలేదు. ఆవిడా అడగలేదు. అడిగే అలవాటు ఆవిడకు లేదు. లెక్కల మాస్టారు "పరీక్షలొస్తున్నాయి కదమ్మా" అంటూ డ్రాయింగు పీరియడు తీసేసుకుంటే, నవ్వి, చాక్‌పీసు ఆయన చేతికిచ్చి బయటికొచ్చేది. పరీక్షలు ఎప్పుడూ వస్తూనే ఉండేవి.

అయినా చెయ్యి కోసెయ్యడం చిన్న విషయం. అసలు సంగతి వేరే ఉంది. ఆ ఫొటోల్లో ఉన్న ఇంతమంది పిల్లల్లో ఒక్కరు కూడా ఆ మెట్లు దాటి లోపలికి వెళ్ళలేదు.

నమ్మబుద్ధి కాదు. జరిగే తీరు చెబితే నమ్ముతారు.

రేకుల ఇళ్ళ మధ్య ఇరుక్కున్న బడి అది, ఏడో తరగతి దాకానే. దాన్ని ఒక సేవాసంస్థ ఆదుకుంటోంది. ఆదుకుంటోందని మనం మరచిపోయే వీలు లేదు. బెంచీల మీద సంస్థ పేరు, ఫ్యాన్ల రెక్కల మీద సంస్థ పేరు, మంచినీళ్ళ ఫిల్టరు మీద, చెత్తబుట్ట మీద సంస్థ పేరు. బొమ్మల టీచరుకు నెలనెలా వచ్చే కాస్త జీతమూ అక్కణ్ణుంచే. ఆవిడ మీద పేరు వెయ్యలేదు, అంతే తేడా.

ఆ సంస్థ ఏటా "సంస్కృతీ యాత్ర" జరుపుతుంది. పేదపిల్లలకు కళలు, చరిత్ర చూపించాలని సదుద్దేశం. యాత్రకు డబ్బు కేటాయిస్తారు. బస్సుకు ఒక పద్దు. బ్యానరుకు ఒక పద్దు. టోపీలకు, బిస్కెట్ ప్యాకెట్లకు, ఫొటోగ్రాఫరుకు, ముఖ్య అతిథి చేతికిచ్చే పూలగుత్తికి తలొక పద్దు. లోపలికి వెళ్ళే టికెట్టుకు పద్దు లేదు. కావాలని తీసేసిన పాపాత్ముడెవరూ లేడు. మొదటి ఏడు పట్టిక రాసినవాడు మరచిపోయాడు. తర్వాతి ఏళ్ళలో వచ్చినవాళ్ళు పాత పట్టికలో తేదీ మార్చి సంతకం పెట్టారు.

యాత్ర రోజు పిల్లలు తలకు నూనె రాసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని పొద్దున్నే మ్యూజియం చేరతారు. సంస్థ చైర్మన్‌గారికి దారిలో ఇంకో రిబ్బను కత్తిరించే పని ఉంటుంది. ఆయన వచ్చేదాకా ఎండలో వరస చెదరకూడదు. వచ్చాక ప్రసంగం. పిల్లలు పై మెట్ల మీద, ఆయన కింది మెట్టు మీద. మొహం కెమెరా వైపు, వీపు పిల్లల వైపు. "మన వారసత్వాన్ని కళ్ళారా చూడండి" అని ఆయన కెమెరాకు చెబుతారు. తర్వాత బ్యానరు ఎత్తడం, ఫొటో, టోపీలు, బిస్కెట్లు. ఆయన కారెక్కి వెళ్ళిపోతారు. అప్పటికి బస్సు డ్రైవరు హారన్ కొట్టడం మొదలుపెడతాడు.

"అక్కా, బండి మధ్యాహ్నం దాకానే మాట్లాడారు. నాకు ఇంకో ట్రిప్పుంది. ఎక్కిస్తారా, నన్ను పొమ్మంటారా?"

టీచరు ఎక్కిస్తుంది. అంతే. ఏటా అంతే.

బొమ్మల టీచరుకు మాత్రం లోపల ఏముందో తెలుసు. ఆవిడ నాన్న బోర్డులు రాసే మనిషి. "ముట్టుకోరాదు" అన్న బోర్డులు రాయడానికి ఒకసారి మ్యూజియం వాళ్ళు పిలిస్తే, చిన్న కూతుర్ని రంగుడబ్బా పట్టుకోవడానికి వెంట తీసుకెళ్ళాడు. ఆయన బోర్డులు రాస్తున్నంతసేపూ ఆ పిల్ల ఒక పెద్ద వర్ణచిత్రం ముందు నిలబడిపోయింది. నది ఒడ్డున ఒక మనిషి బట్టలు ఉతుకుతున్న బొమ్మ. నీళ్ళలో ఉన్న ఆ నీలం తన నాన్న డబ్బాల్లో ఏ రంగులు కలిపినా రాలేదు. దానికోసమే డ్రాయింగు పరీక్షలు పాసైంది. పెళ్ళయి, ఫ్యాన్లు రిపేరు చేసే భర్తతో, అత్తగారితో ఈ పేటకొచ్చింది. ఈ బడిలో చేరింది. ఏ టికెట్టూ కొనకుండా రంగుడబ్బా పుణ్యాన తాను చూసిందాన్ని, బస్సూ బ్యానరూ ఉన్న తన పిల్లలు చూడలేకపోతున్నారన్న సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉన్న యాత్ర కూడా పోతుందేమోనని భయం. మెట్లన్నా చూస్తున్నారు కదా అని సర్దుకుంది. సర్దుకోవడంలో మన పేదబడుల టీచర్లకు ఎవరైనా పోటీకి రాగలరా?

ఆ ఏడు ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ప్రతిదానికీ "ఎందుకు?" అనేది కాబట్టి క్లాసంతా ఎందుకమ్మ అని పిలిచేవారు. మెట్ల మీంచి దిగుతూ బస్సు వైపు నడుస్తూ ఆ పిల్ల అడిగింది.

"టీచర్, ఆ తలుపులు ఎందుకు తీసున్నాయి?"

"లోపలికి వెళ్ళడానికి."

"మరి మనం బయటికెందుకు వెళ్తున్నాం?"

"బస్సుకి టైమైంది కదమ్మా. పెద్దయ్యాక వెళ్దువుగానిలే."

ఆ పిల్ల వెనక్కి తిరిగి తలుపుల వైపు చూస్తూ బస్సెక్కింది. ఆ క్లాసుకు బడిలో అదే ఆఖరి సంవత్సరం. తర్వాత కొందరు దూరపు హైస్కూలుకు, కొందరు ఇస్త్రీ బండికి, కొందరు ఎవరింట్లోనో పసిపిల్లల్ని ఎత్తుకోవడానికి పోతారు. పెద్దయ్యాక అన్న మాట తన నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో అని ఆవిడకు దారంతా మనసులో అదే గొడవ.

ఆ తర్వాత కొన్నాళ్ళకు సంస్థ నుంచి కబురొచ్చింది. కొత్త సంవత్సరానికి క్యాలెండరు వేస్తారట. యాత్రకు వెళ్ళిన పిల్లలు "నేను చూసిన మ్యూజియం" అని బొమ్మలు గీయాలట. మంచి బొమ్మలు నెలకొకటి అచ్చేస్తారట. క్యాలెండరు ఆవిష్కరణకు మ్యూజియం పెద్ద అధికారి కూడా వస్తాడట.

డ్రాయింగు క్లాసుకు గది లేదు. విరిగిన బెంచీలు పేర్చిన సామాన్ల గదిలో నేల మీద కూర్చుని పిల్లలు గీశారు. ఆవిడ ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది: "ఊహించి గియ్యొద్దు. చూసింది చూసినట్టు గియ్యండి." చెప్పి, రంగునీళ్ళ డబ్బాలు మార్చే పనిలో పడింది. తిరిగొచ్చి కాయితాలు ఒక్కొక్కటే చూసింది.

ఒక్క కాయితం మీదా మ్యూజియం లేదు.

ఎలా ఉంటుంది? పిల్లలు నిలబడినంతసేపూ మ్యూజియం వాళ్ళ వీపు వెనక ఉంది. వాళ్ళ కళ్ళ ముందు ఏముందో అదే గీశారు. ఒక కన్ను మూసుకుని వంగిన ఫొటోగ్రాఫరు. రోడ్డవతల టీ బండి. కారు అద్దం తుడుస్తున్న డ్రైవరు. గేటు పక్కన పడుకున్న కుక్క. బ్యానరు వెనకవైపు, తిరగబడ్డ అక్షరాలతో సహా. వీటన్నిటి మధ్యన, ప్రతి కాయితం మీదా, పెద్దగా, గుండ్రంగా, పసుపు రంగులో ఒకటి మెరుస్తోంది. దానికి రెండు పక్కలా నల్లటి గీతలు.

"ఇదేమిటే?" అంది ఆవిడ.

"చైర్మన్‌గారి బట్టతల టీచర్," అంది ఎందుకమ్మ. "మాట్లాడినంతసేపూ మాకదే కనబడింది. ఆ తెల్లగా వదిలేసిన చోట ఎండ పడింది. చూసింది చూసినట్టు గియ్యమన్నారుగా."

బొమ్మలు చూసి పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. ఆవిడ చెడ్డమనిషేం కాదు. ఫిల్టరు చెడిపోతే సంస్థ చుట్టూ తిరగాల్సింది ఆవిడే.

"ఏమ్మా, మ్యూజియం గీయమంటే గుండూ, కుక్కా, టీ బండీ గీయించావా? నాకు పెన్షను రానిస్తావా లేదా?"

"వాళ్ళు చూసింది అదే మేడమ్."

"వాళ్ళు చూసింది ఎవడిక్కావాలి? పుస్తకంలో మ్యూజియం బొమ్మ ఉంది. దాన్ని చూసి రేపటికల్లా అందరిచేతా గీయించు. ఇవి పొయ్యిలో పెట్టు."

పొయ్యిలో పెట్టే అవకాశం రాలేదు. ఆ మధ్యాహ్నమే చైర్మన్‌గారు కొత్తగా బిగించిన ఫిల్టరును చూడటానికి వచ్చి, నేల మీద ఆరేసిన బొమ్మల ముందు ఆగిపోయారు. ఒకటి చేతికి తీసుకున్నారు. మొహం వెలిగిపోయింది.

"ఆహా! ఈ గుమ్మటం చూశారా మేడమ్! ఎండ పడి మెరుస్తున్నట్టు ఎంత బాగా చూపించారు! ఈ రెండు పక్కలా పొదలు... నేనైతే ఇన్నేళ్ళలో పొదలు గమనించనే లేదు. పిల్లల కళ్ళు పిల్లల కళ్ళే."

ఆ మ్యూజియానికి గుమ్మటం లేదు. చదునైన కప్పు, ముందు స్తంభాలు. ఏటా వచ్చే మనిషికి ఆ సంగతి తెలియదు. తెలిసే వీలేదీ? ఆయన కూడా ఎప్పుడూ కెమెరా వైపే చూశారు.

పెద్ద మేడమ్‌కు దగ్గు తెర ముంచుకొచ్చింది. బొమ్మల టీచరు అలవాటు చొప్పున నోరు మెదపలేదు. ఆయన బొమ్మలన్నీ చుట్టి చంకన పెట్టుకుని, "ఈ గుమ్మటమే అట్ట మీద వేయిస్తాను" అని వెళ్ళిపోయారు. కారు మలుపు తిరిగాక పెద్ద మేడమ్ కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వీ నవ్వీ, కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించింది.

"చూడమ్మా, నువ్వు చెప్పకు, నేను చెప్పను. ఆయన తల ఆయనకి నచ్చింది. అందులో మన తప్పేముంది?"

బొమ్మల టీచరు ఇంటికెళ్ళి అత్తగారితో చెప్పింది. ఆ పెద్దావిడ మోకాళ్ళ నొప్పితో రోజంతా కిటికీ దగ్గర కూర్చుంటుంది. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. అంతా విని, ఒలుస్తున్న బఠాణీలు పక్కన పెట్టింది.

"అయితే ఏటా ఎండలో నిలబెట్టి పిల్లలకి టోపీ పెట్టి పంపిస్తున్నారన్నమాట."

"అలా అనకండి అత్తయ్యా. ఆయన మనసు మంచిదే."

"మనసు మంచిదైతే నెత్తిన పెట్టుకో. చెప్తే ఏమవుతుంది?"

"ఆయనకి కోపమొస్తుంది. నా ఉద్యోగం పోవచ్చు. బడికి వచ్చేవీ ఆగిపోవచ్చు."

"చెప్పకపోతే?"

"క్యాలెండరొస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. వచ్చే ఏడు మళ్ళీ మెట్ల దాకా."

"ఆ ఎందుకమ్మ సంగతేంటి?"

వచ్చే ఏడు ఆ పిల్ల ఆ బడిలో ఉండదు.

"నా కొడుకు రిపేరు చేసిన ఫ్యాను తిరక్కపోతే జనం మొహం మీద చెప్పి పోతారు," అంది అత్తగారు మళ్ళీ బఠాణీలు అందుకుంటూ. "వాడేమన్నా చచ్చిపోయాడా? విప్పి మళ్ళీ బిగిస్తాడు. పోయి చెప్పు. ఉద్యోగం పోతే ఈ బఠాణీలు నువ్వొలువు, నాకూ పని తప్పుతుంది."

చైర్మన్‌గారిది బాత్‌రూమ్ పలకల వ్యాపారం. ఆఫీసు నేల ఎంత నున్నగా ఉందంటే, బొమ్మల టీచరు తన మొహం తానే చూసుకుంటూ నడిచి ఆయన బల్ల దాకా వెళ్ళింది. బల్ల మీద క్యాలెండరు అట్ట నమూనా పరిచి ఉంది. నడిమధ్యన పసుపుపచ్చగా గుమ్మటం.

"రామ్మా రా! చూడు, ప్రెస్సువాడు ఎంత బాగా తీశాడో! రేపు అచ్చుకి పంపుతున్నా."

"సార్, పంపకండి."

"ఏం? అక్షరదోషమా?"

"సార్... అది గుమ్మటం కాదు."

"మరి?"

"మీరే సార్."

ఆయన బొమ్మ వైపు చూశారు. ఆవిడ వైపు చూశారు. చెయ్యి దానంతట అదే తల వెనక్కి వెళ్ళింది.

"ఈ పొదలు?"

"చెవుల మీది జుట్టు సార్."

ఆవిడ మనసులో బఠాణీలు ఒలవడం మొదలుపెట్టేసింది. ఆయన ఫోను తీసి, తల వెనక పెట్టి, టక్కున ఒక ఫొటో తీసుకుని, దగ్గరగా పెట్టుకుని చూశారు.

"వెనకాల ఇంత పోయిందా! ఇంట్లో ఒక్కళ్ళూ చెప్పలేదమ్మా! మా ఆవిడైతే ఇంకా దువ్వెన కొనిస్తూనే ఉంది."

ఆయన బాధ నిజమైనదే. అది తగ్గేదాకా ఆవిడ ఆగింది. ఆగి, ఇన్నేళ్ళలో అనని మాట అంది.

"సార్, పిల్లలు మ్యూజియం చూడలేదు. అందుకే మిమ్మల్ని గీశారు."

"చూడకపోవడమేంటి? నేను వెళ్ళిపోయాక మీరు లోపలికి వెళ్తారు కదా?"

"మీరు వెళ్ళేసరికి బస్సుకి టైమైపోతుంది సార్. టికెట్లకి పద్దు కూడా లేదు."

"ఏ ఏడూ?"

"ఏ ఏడూ వెళ్ళలేదు సార్."

ఆయన ఫోను బల్ల మీద బోర్లించారు. "నేనూ వెళ్ళలేదమ్మా," అన్నారు. "ఎప్పుడూ ఇంకో మీటింగుండేది. లోపల ఏముంటుంది?"

ఆవిడ చెప్పింది. నది, బట్టలుతికే మనిషి, నీళ్ళలోని నీలం. ఈ ఏడో తరగతికి ఇదే ఆఖరి ఏడనీ, సెలవులిచ్చేలోపు ఒక్కసారి లోపలికి పంపమనీ అడిగింది. ఆయన తల ఊపారు. ఊపి, మళ్ళీ చెయ్యి తల వెనక్కి పోనిచ్చారు.

ఆయన మాట తప్పలేదు. కమిటీలో పెట్టారు. కమిటీ అంటే తెలుసు కదా. ఒక్క మనిషికి ఉన్న సిగ్గును పదిమందికి పంచి, ఎవరికీ తగలకుండా చేసే ఏర్పాటు. టికెట్లు ఇవ్వాలని అందరూ ఒప్పుకున్నారు. అయితే అదే తరగతికి ఒకే ఏడు రెండు బస్సులు నిబంధనలకు విరుద్ధమన్నారు. కాబట్టి తీర్మానం ఏమిటంటే, టికెట్లు మంజూరు, బస్సు లేదు. ఇన్నాళ్ళూ బస్సుండి టికెట్లు లేవు. ఇప్పుడు టికెట్లుండి బస్సు లేదు. బొమ్మల క్యాలెండరు ఆగిపోయింది. దాని స్థానంలో ప్రెస్సువాడి దగ్గర సిద్ధంగా ఉన్న మంచుకొండల ఫొటోలు వేశారు.

"ఈ టికెట్లేం చేసుకోను?" అంది పెద్ద మేడమ్. "గోడకి అంటించి పిల్లలకి చూపించనా?"

"సిటీ బస్సులో తీసుకెళ్తాను మేడమ్."

"అంతమందినా? ఒక్కదానివా? ఒకడు దారిలో దిగిపోతే నన్ను కోర్టుకీడుస్తారు!"

"ఒక్కదాన్ని కాదు. మా అత్తగారొస్తారు."

పెద్ద మేడమ్ టికెట్లు తీసి టీచరు చేతిలో పెట్టింది. అత్తగారి నోటి సంగతి పేటంతటికీ తెలుసు.

అత్తగారు మోకాళ్ళకు పట్టీలు చుట్టుకుని వచ్చింది. ఇంకో ముగ్గురు నలుగురు తల్లులు పని మానుకుని వచ్చారు. మానుకున్న పనికి కూలి ఎవరూ ఇవ్వలేదని ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే ఏ నివేదికలోనూ చెప్పరు. కిక్కిరిసిన బస్సులోకి పిల్లలు దూరుతుంటే కండక్టరు నెత్తి పట్టుకున్నాడు.

"ఏంటక్కా ఇది, బడిని బడే ఎత్తుకొచ్చావా?"

"బడి అక్కడే ఉంది నాయనా, పిల్లల్నే తెచ్చాం," అంది అత్తగారు. "నువ్వు కాస్త జరిగితే ఇంకో ఇద్దరు పడతారు. టికెట్లు కొడుతూ పొట్ట పెంచావు, తగ్గించుకో."

మ్యూజియం గేటు దగ్గర కాపలా మనిషి వాళ్ళను చూసి కుర్చీలోంచి లేచాడు. ఏళ్ళ తరబడి చూస్తున్నవాడు కాబట్టి వాళ్ళకు ఒక పేరు కూడా పెట్టుకున్నాడు.

"మెట్ల బడి వాళ్ళు కదూ? బ్యానరేదీ? ఫొటో ఆయన రాలేదా?"

"ఇవాళ ఫొటో లేదు," అంది బొమ్మల టీచరు.

"మరెందుకొచ్చారు?"

"లోపలికి."

అతను టికెట్లు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత తలుపు రెండో రెక్క కూడా తెరిచాడు. ఆ రెక్క తెరవాల్సిన పనేం లేదు, ఒకటి చాలు.

లోపల పిల్లలు కళకు నివాళులర్పించారని రాస్తే అబద్ధం. నున్నటి నేల చూసి మొదట జారారు. పగిలి అతికించిన ఒక కుండను చూసి, "మా ఇంట్లో కూడా ఇలాంటిది పగిలింది, అది చెత్తలో వేశాం, దీన్నెందుకు గాజుపెట్టెలో పెట్టారు?" అని ఎందుకమ్మ వివరాలు చెప్పే ఆయన్ను పట్టుకుంది. ఆయన చెప్పిన ప్రతి జవాబుకూ ఇంకో ఎందుకు తగిలించింది. మూడో గదికి వచ్చేసరికి ఆయన మంచినీళ్ళకని వెళ్ళి ఎంతకీ రాలేదు. అత్తగారు ఎవరో రాణి పడుకున్న మంచం దగ్గర బైఠాయించి, "ఇంత మంచం మీద ఒక్కతే పడుకునేదా? మా ఇల్లంతా దీని మీద పడుతుంది. దుప్పటి ఎవరు ఉతికేవారో మరి, వాళ్ళ బొమ్మ ఎక్కడా పెట్టలేదే!" అని చుట్టూ వెతికింది.

నది బొమ్మ ఉన్న గదికి పిల్లల్ని తీసుకెళ్ళి, ఈసారి బొమ్మల టీచరు ఏమీ చెప్పలేదు. పక్కకు తప్పుకుని గోడకు ఆనుకుంది. ఒక చాకలి పిల్లాడు చాలాసేపు చూసి, "టీచర్, ఈయన బట్ట తప్పుగా పట్టుకున్నాడు, ఇలా ఉతికితే చిరుగుద్ది" అన్నాడు. ఎవరో గొప్ప చిత్రకారుడి మీద అంత సూటి విమర్శ అంతకుముందు వచ్చిందో లేదో తెలియదు. బల్లలు లేవు, తెచ్చుకున్న కాయితాలు పరిచి నేల మీదే బోర్లా పడుకుని బొమ్మలు గీశారు. కాపలావాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఎవరూ గంట కొట్టలేదు, హారన్ మోగలేదు. మ్యూజియం మూసేదాకా ఉన్నారు.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ ఆ ఏటి వార్షిక నివేదిక వచ్చింది. అందులో మెట్ల మీది ఫొటో ఉంది, ఎప్పటిలాగే మోచెయ్యి కోసేసి. కింద "మ్యూజియం సందర్శన విజయవంతం" అని ఉంది. పిల్లలు నిజంగా లోపలికి వెళ్ళిన రోజు గురించి ఒక్క ముక్క లేదు. ఆ రోజుకు ఫొటో లేదు కాబట్టి అది జరగలేదు. టికెట్ల ఖర్చు "ఇతరములు" కింద పడింది. తర్వాతి సమావేశంలో ఆ ఖర్చుకు ఆధారం లేదని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పాడు. చైర్మన్‌గారు ఆ రోజు ఊళ్ళో లేరు. టికెట్ల పద్దు కొట్టేశారు. బస్సు, బ్యానరు యథాస్థానానికి వచ్చాయి. అందరూ నిబంధనల ప్రకారమే నడుచుకున్నారు.

బొమ్మల టీచరు ఉద్యోగం పోలేదు. పీరియడు అడిగిన లెక్కల మాస్టారితో మాత్రం ఇప్పుడు "ఇవాళ కుదరదండీ" అంటోంది. ఆయనింకా తేరుకోలేదు. ఆవిడ దగ్గర ఈ ఏటి ఏడో తరగతి ఉంది. వీళ్ళూ మెట్ల దాకా వెళ్ళొచ్చేశారు. వీళ్ళూ జూన్‌కల్లా చెదిరిపోతారు. సెలవులిచ్చేలోపు వీళ్ళను సిటీ బస్సులో తీసుకెళ్ళాలని ఆవిడ, ఆవిడ అత్తగారు కూర్చుని లెక్కలేసుకుంటున్నారు. పెద్ద మేడమ్ తన పర్సులోంచి కొంత ఇచ్చి, ఎవరికీ చెప్పొద్దంది. అందుకే చెబుతున్నాను.

మీ ఊళ్ళోనూ ఇలాంటి బడి ఉంటుంది. ఆ గోడ మీదా ఇలాంటి ఫొటోలు ఉంటాయి. ఈ వారం వెళ్ళి, ఆ ఫొటోలోని పిల్లలు లోపలికి వెళ్ళారా అని అడగండి. మీరు ఏ సేవాసంస్థకైనా చందా ఇస్తుంటే, ఈసారి రసీదు తీసుకునే ముందు టికెట్టుకు పద్దు ఉందో లేదో చూపించమనండి. బస్సిస్తే టికెట్టు కూడా ఇవ్వండి. టికెట్టిస్తే బస్సు కూడా ఇవ్వండి. మీరు మ్యూజియంలోనో, నాటకశాలలోనో పనిచేస్తుంటే, పేదబడుల పిల్లలకు వారంలో ఒక పూట తలుపులు ఉచితంగా తెరవమని మీ పై అధికారిని అడగండి, అడిగిందే మళ్ళీ అడగండి. మీ దగ్గర డబ్బు లేదా, ఒక పూట తీరిక ఉందా? అదే ఎక్కువ కావాలి. సిటీ బస్సులో పిల్లల చెయ్యి పట్టుకోవడానికి మనుషులు చాలడం లేదు, అత్తగారి మోకాళ్ళు ఈ ఏడు ఇంకా మొరాయిస్తున్నాయి. దగ్గర్లోని బడికి వెళ్ళి పేరివ్వండి. ఫోను ఇంట్లో పెట్టి రండి.